బ్రేకు కింద పోయే పెట్రోలు: హైబ్రిడ్ కారు ఎవరికి, ఎక్కడ?

తిరుమల నుంచి అలిపిరికి దిగే ఘాట్ రోడ్డు మీద ఇంజిన్‌కు పెద్దగా పని ఉండదు. కొండే కారును కిందికి తోస్తుంది. డ్రైవరు కుడికాలు యాక్సిలరేటర్ మీద కన్నా బ్రేకు మీదే ఎక్కువసేపు ఉంటుంది. కిందికి చేరేసరికి చక్రాల దగ్గర వచ్చే కమురు వాసన ఆ దారిన వెళ్లే చాలామందికి పరిచయమే. అది ఎక్కేటప్పుడు కాల్చిన పెట్రోలు తాలూకు వాసనే అనుకోవచ్చు. కారును అంత ఎత్తుకు మోయడానికి ఖర్చయిన శక్తి దిగేటప్పుడు బ్రేకు డిస్కుల్లో వేడిగా మారి శేషాచలం గాలిలో కలిసిపోతుంది.

లెక్క కష్టమేమీ కాదు. మనుషులతో, సామానుతో కలిపి కారు బరువు 1,600 కిలోలు అనుకుందాం. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. ఆ బరువు ఆ ఎత్తు దిగినప్పుడు విడుదలయ్యే శక్తి దాదాపు 3 యూనిట్లు. ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లే ఇవి. టైర్ల రాపిడికి, గాలికి ఒకటి పోయినా మిగిలిన రెండూ బ్రేకుల పాలే. మామూలు పెట్రోలు కారులో వాటిని పట్టి దాచుకునే ఏర్పాటు లేదు. పెట్రోలు ఇంజిన్‌కు తోడుగా కరెంటు మోటారు, బ్యాటరీ పెట్టుకుని, పారేసే ఆ శక్తిని ఏరుకుని మళ్లీ వాడుకునే యంత్రం హైబ్రిడ్ కారు. దీన్ని పర్యావరణ హితమైన వాహనమని పిలవడం కన్నా, పొదుపరి వాహనమని పిలిస్తే దాని స్వభావం బాగా అర్థమవుతుంది. పారేసేది ఎక్కువగా ఉన్నచోట దాని పొదుపు ఎక్కువ. పారేసేదే లేని చోట అది కూడా మరో పెట్రోలు కారే.

నగరంలో కొండలు లేకపోవచ్చు, సిగ్నళ్లున్నాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న అదే 1,600 కిలోల కారును పూర్తిగా ఆపితే పోయే శక్తి ఒక యూనిట్‌లో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ శక్తిని పుట్టించింది తన ఇంధనంలో ముప్పాతిక భాగాన్ని వేడిగా వదిలేసే ఇంజిన్. ఆ నష్టాన్ని కూడా కలిపితే ఒక్కో ఆగుడుకు సుమారు 12 మిల్లీలీటర్ల పెట్రోలు, అంటే రమారమి ఒక పెద్ద చెంచాడు ఖర్చవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి ఉదయం పూట బయలుదేరిన కారు దారిలో పాతికసార్లు ఇలా ఆగిందంటే 300 మిల్లీలీటర్ల పెట్రోలు కేవలం ఆగడానికే పోయినట్టు. ఆగిన చోట ఇంజిన్ ఊరికే గురగురలాడుతూ తాగేది దీనికి అదనం. చిన్న కారయినా అలా నిలబడి గంటకు అర లీటరుకు పైగా తాగుతుంది, ఏసీ వేస్తే ఇంకాస్త.

హైబ్రిడ్‌లో బ్రేకు పెడల్ మీద కాలు పడగానే మొదట పనిలోకి దిగేది డిస్కు కాదు, మోటారు. ముందుకు నడిపేటప్పుడు కరెంటు తీసుకునే మోటారు, చక్రాలే తనను తిప్పుతుంటే డైనమోగా మారి కరెంటు ఇస్తుంది. సైకిల్ టైరుకు ఆనించే పాతకాలపు డైనమో గుర్తున్నవాళ్లకు ఇది వెంటనే తడుతుంది. దాన్ని ఆనించగానే సైకిల్ తొక్కడం బరువయ్యేది. ఆ బరువే ఇక్కడ బ్రేకు. తయారైన కరెంటు బ్యాటరీకి చేరుతుంది, పచ్చ సిగ్నల్ పడ్డాక కారును కదిలించడానికి అదే పనికొస్తుంది. కారు నిలబడి ఉన్నంతసేపూ ఇంజిన్ ఆగే ఉంటుంది.

పొదుపంతా బ్రేకు దగ్గరే జరుగుతుందనుకుంటే సగమే తెలిసినట్టు. పెట్రోలు ఇంజిన్‌కు ఒక బలహీనత ఉంది. మధ్యస్థమైన వేగంలో, తగినంత బరువు లాగుతున్నప్పుడే అది సమర్థంగా పనిచేస్తుంది. నత్తనడక ట్రాఫిక్‌లో దాని సామర్థ్యం సగానికి, అంతకన్నా కిందికి పడిపోతుంది. హైబ్రిడ్ ఆ నత్తనడకను మోటారుకు అప్పగించి, ఇంజిన్‌ను అది బాగా పనిచేసే చోటే తిప్పుతుంది. అవసరానికి మించి పుట్టిన శక్తిని బ్యాటరీలోకి మళ్లిస్తుంది. పైగా ఈ కార్లలో వాడే ఇంజిన్ కూడా వేరు. 1882లో జేమ్స్ ఆట్కిన్‌సన్ అనే ఇంగ్లిషు ఇంజినీరు ఒక పద్ధతి కనిపెట్టాడు. అందులో సిలిండర్‌లోని మంట పిస్టన్‌ను తోసే దూరం, గాలిని నొక్కే దూరం కన్నా ఎక్కువ. ఇంధనంలోని శక్తిని మరికాస్త పిండుకోవడానికి ఇది పనికొస్తుంది కానీ, నిలబడ్డ బండిని లాగే బలం తగ్గుతుంది. అందుకే మామూలు కార్లవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. నిలబడ్డ బండిని లాగడంలోనే మోటారు దిట్ట. ఒకరి లోటు ఇంకొకరు పూడ్చుకునే ఈ జోడీ కుదరడం వల్లే ఇవాళ టయోటా హైబ్రిడ్ ఇంజిన్లు పెట్రోలులోని శక్తిలో 40 శాతం దాకా పనిగా మార్చగలుగుతున్నాయి.

ఈ జోడీ కట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదలవుతున్న రోజుల్లోనే వియన్నాలోని లోనర్ కంపెనీలో పనిచేస్తూ ఫెర్డినాండ్ పోర్షే పెట్రోలు ఇంజిన్‌తో కరెంటు పుట్టించి చక్రాల్లోని మోటార్లను నడిపించాడు. అప్పటి బ్యాటరీల బరువుకు, చవకైన పెట్రోలుకు ఆ ఆలోచన నిలవలేదు. మళ్లీ దాన్ని బజారుకు తెచ్చి నిలబెట్టింది 1997 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన టయోటా ప్రియస్. మన దేశంలో 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ వచ్చాయి. రెండూ దిగుమతి కార్లే కాబట్టి ధర చూసి జనం నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. పరిస్థితి మారింది 2022లో. ఆ ఏడాది మేలో హోండా సిటీ, సెప్టెంబరులో మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్ వరసగా దిగాయి. హైబ్రిడ్ అనే మాట మధ్యతరగతి ఇళ్లలో వినపడటం అప్పటినుంచే.

మాట వినపడటంతో పాటు గందరగోళమూ వచ్చింది. షోరూముల్లో హైబ్రిడ్ పేరుతో మూడు వేర్వేరు సరుకులుంటాయి. మొదటిది మైల్డ్ హైబ్రిడ్, దీన్నే కొన్ని కంపెనీలు స్మార్ట్ హైబ్రిడ్ అంటాయి. ఇందులో స్టార్టర్ మోటారునే కాస్త పెద్దది చేసి, చిన్న బ్యాటరీ తగిలిస్తారు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగుతుంది, బయలుదేరేటప్పుడు మోటారు కొద్దిగా చెయ్యేస్తుంది. అంతవరకే. కారును ఒంటరిగా గజం కూడా నడపలేదు. మంచిదే, కానీ కారు వెనక మెరిసే ఆ అక్షరాలకు తగినంత సరుకు లోపల లేదు. విద్యుత్, హైబ్రిడ్ వాహనాలను ప్రోత్సహించడానికి 2015లో మొదలైన ఫేమ్ పథకం కింద వీటికి కూడా కేంద్రం రాయితీ ఇచ్చి, రెండేళ్లకు ఆపేసింది. ఆపడమే సబబు.

రెండోది స్ట్రాంగ్ హైబ్రిడ్, అవసరమైనప్పుడు మోటారు ఒక్కటే కారును నడపగలిగేది. ఈ వ్యాసంలో హైబ్రిడ్ అన్న చోటల్లా దీన్నే ఉద్దేశించాలి. మూడోది ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే ప్లగిన్ హైబ్రిడ్. మన దగ్గర ఇవి ఖరీదైన విదేశీ కార్లకే పరిమితం కాబట్టి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు గానీ, యూరప్ అనుభవం ఒకటి తెలుసుకోదగ్గది. అక్కడ 2021లో రిజిస్టరైన కార్ల ఇంధన వాడకాన్ని కార్లలోని మీటర్ల నుంచే సేకరించి యూరోపియన్ కమిషన్ 2024లో బయటపెట్టింది. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లు ప్రయోగశాల లెక్క కన్నా 20 శాతం ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతుండగా, ప్లగిన్ హైబ్రిడ్లు ఏకంగా మూడున్నర రెట్లు వదులుతున్నాయని తేలింది. యంత్రంలో లోపమేమీ లేదు. అనుకున్నంతగా ఎవరూ చార్జింగ్ పెట్టడం లేదు. పన్ను రాయితీ కోసం కొన్న కారుకు వైరు తగిలించే ఓపిక యజమానికి లేకపోతే బ్యాటరీ ఏం చేస్తుంది, డిక్కీలో బరువుగా కూర్చుంటుంది.

ఇప్పుడు మళ్లీ ఘాట్ రోడ్డు దగ్గరికి వద్దాం. దిగేటప్పుడు దొరికే శక్తి రెండు యూనిట్లన్నాం. గ్రాండ్ విటారా, హైరైడర్‌లలోని బ్యాటరీ పరిమాణం 0.76 యూనిట్లు. ఎక్కువకాలం మన్నడానికి కంపెనీ అందులో మధ్య భాగాన్నే వాడుకోనిస్తుంది. అంటే పై మలుపుల్లోనే బ్యాటరీ నిండిపోతుంది. ఆ తర్వాత దొరికే శక్తికి చోటు లేదు. అప్పుడు ఇంజిన్‌ను ఊరికే తిప్పి దాని బిగువుతో కారును నిలువరించాల్సిందే, మిగిలింది డిస్కులు చూసుకోవాల్సిందే. ఘాట్‌లో కొత్తగా హైబ్రిడ్ నడిపేవాళ్లు ఉన్నట్టుండి ఇంజిన్ రొద పెరిగేసరికి కంగారుపడేది ఇందుకే. 30, 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న విద్యుత్ కారుకు ఈ ఇబ్బంది లేదు, కొండ మీద పూర్తిగా చార్జింగ్ పెట్టుకుని బయలుదేరితే తప్ప. తిరుపతి, తిరుమల మధ్య ఏపీఎస్‌ఆర్టీసీ 2022 నుంచి తిప్పుతున్న విద్యుత్ బస్సులకు ఈ దారి బాగా నప్పడంలో వింత లేదు. ఎక్కేటప్పుడు ఖర్చయిన కరెంటులో కొంత, దిగేటప్పుడు తిరిగి బ్యాటరీలో పడుతుంది.

అలాగని చిన్న బ్యాటరీని లోపమనడానికి లేదు. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు కొద్దికొద్దిగా తీసి, కొద్దికొద్దిగా వేసే ఖాతా అది. చిల్లర పెట్టుకోవడానికి బీరువా అక్కర్లేదు కదా. టయోటా దీన్నే తన వాదనగా మార్చుకుంది. ఒక పెద్ద విద్యుత్ కారు బ్యాటరీకి పట్టే ఖనిజాలతో ఆరు ప్లగిన్ హైబ్రిడ్లు లేదా తొంభై మామూలు హైబ్రిడ్లు చేయొచ్చని ఆ కంపెనీ చెబుతూ వచ్చింది. వినడానికి బాగుంది. కానీ ఆ లెక్కకు బలం ఉండాలంటే ఖనిజాలే అసలు కొరత కావాలి. పైగా బ్యాటరీలోని ఖనిజాన్ని తిరిగి తీయొచ్చు, కాల్చిన పెట్రోలును తిరిగి తీయలేం. విద్యుత్ కార్లలో వెనకబడిన కంపెనీ నుంచి ఆ మాట వచ్చిందన్న సంగతి కూడా కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

విద్యుత్ కారా, హైబ్రిడా అన్న వాదులాటలో రెండు పక్షాలూ తమకు అనుకూలమైన సగం లెక్కే చెబుతాయి. పూర్తి లెక్క ఇలా ఉంటుంది. లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నగరంలో లీటరుకు 12 కిలోమీటర్లిచ్చే మధ్యస్థ పెట్రోలు కారు కిలోమీటరుకు 190 గ్రాములు వదులుతుంది. అదే తరహా హైబ్రిడ్ 20 ఇస్తే 115 గ్రాములు. ముడిచమురు తవ్వి, శుద్ధిచేసి, బంకు దాకా తేవడానికయ్యేది మరో ఐదో వంతు కలుపుకుంటే హైబ్రిడ్ లెక్క 138 దగ్గర తేలుతుంది. ఇక విద్యుత్ కారు. వంద కిలోమీటర్లకు గోడ ప్లగ్గు దగ్గర 16 యూనిట్లు తీసుకుంటుందనుకుందాం. మన దేశంలో కరెంటు ప్రధానంగా బొగ్గు నుంచే వస్తోంది కాబట్టి యూనిట్‌కు సగటున 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ అంటుకుని ఉంటుంది. తీగల్లో పోయే కరెంటు కూడా కలిపితే కిలోమీటరుకు 125 నుంచి 130 గ్రాములు. అంటే ఇవాళ్టి సగటు కరెంటుతో నగరంలో రెండింటికీ తేడా నామమాత్రం. విద్యుత్ కారు బ్యాటరీ తయారీలో పుట్టిన పొగను కూడా కలిపితే మొదటి కొన్నేళ్లు హైబ్రిడ్‌దే పైచేయి కావచ్చు.

ఇక్కడే ఆగిపోతే హైబ్రిడ్ పక్షం వాదన గెలిచినట్టుంటుంది. కానీ సగటు కరెంటు అనేది కాగితం మీద ఉండేది. ఓర్వకల్లు ప్రాంతంలోని కర్నూలు సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద తేలే సోలార్ పలకలే 100 మెగావాట్లున్నాయి. మిట్టమధ్యాహ్నం తీసుకునే యూనిట్‌లో ఎండ వాటా ఎక్కువ. రాత్రి పదకొండింటికి ఇంటి దగ్గర తీసుకునే యూనిట్‌లో బొగ్గు వాటా ఎక్కువ. అందరూ రాత్రిపూటే చార్జింగ్ పెట్టుకుంటారు, కారు అప్పుడే ఇంటి దగ్గర ఉంటుంది కాబట్టి. విద్యుత్ కారు ఎంత శుభ్రమన్నది దాని బ్యాటరీ కన్నా ఆఫీసు పార్కింగులో పగలు చార్జింగ్ దొరుకుతుందా లేదా అన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. డాబా మీద సోలార్ పలకలుండి పగలు ఇంట్లోనే నిలిచే కారయితే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఇంకో సంగతి, ఇవాళ కొన్న విద్యుత్ కారు పదేళ్లలో గ్రిడ్ శుభ్రపడేకొద్దీ తానూ శుభ్రపడుతుంది. ఇవాళ కొన్న హైబ్రిడ్ పదేళ్ల తర్వాత కూడా ఇంతే, అరిగినకొద్దీ ఇంకాస్త ఎక్కువే. రోడ్డు పక్కన టీ బండి దగ్గర నిలబడేవాడి ఊపిరితిత్తుల లెక్కయితే ఇంకా సూటిగా ఉంటుంది. సైలెన్సరే లేని బండికి ఆ విషయంలో సాటి లేదు.

మరి ఇంధనం సంగతి? బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. అందువల్ల మైలేజీ కొంత తగ్గుతుంది, హైబ్రిడ్‌కు కూడా. చెరకు నుంచో, మొక్కజొన్న నుంచో, బియ్యం నుంచో వచ్చిన ఇంధనం కాబట్టి దిగుమతులూ, కర్బనమూ తగ్గుతాయన్నది ప్రభుత్వ వాదన. ఆ ఇథనాల్ తయారయ్యే చోట నీళ్లు, దుర్వాసన మాటేమిటన్నది ఊళ్ల ప్రశ్న. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం ఇథనాల్ ఫ్యాక్టరీకి వ్యతిరేకంగా రోడ్డెక్కింది ఆ ప్రశ్నతోనే.

సీఎన్‌జీకి తగినంత గౌరవం దక్కడం లేదు. కిలో గ్యాసుకు పాతిక కిలోమీటర్లిచ్చే చిన్న కారు కిలోమీటరుకు వదిలేది 110 గ్రాములు. రెండింతల ధర పెట్టి కొన్న హైబ్రిడ్‌తో సమానం. డిక్కీలో సిలిండర్ కూర్చోవడం, బంకు దగ్గర వరస కట్టడం దీని బాధలు. గొట్టాల్లో, పంపుల్లో కారిపోయే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా అనేక రెట్లు వేడి పుట్టిస్తుందన్నది కూడా మరిచిపోకూడదు. డీజిల్ గురించి నగరవాసులకు చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

ఇంజిన్ రకం గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ కారు బరువు గురించి ఎవరూ మాట్లాడరు. బ్యాటరీ, మోటారు ఏమీ లేని మారుతి సెలెరియో పెట్రోలు కారు అధికారిక మైలేజీ లీటరుకు 26 కిలోమీటర్ల దాకా ఉంది. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌ది 23 పైచిలుకు. మొదటిదాని బరువు 800 కిలోల చిల్లర, రెండోది దానికి దాదాపు రెట్టింపు. ఏడుగురున్న కుటుంబం హైక్రాస్‌లో పెళ్లికి వెళ్తే అంతకన్నా మంచి వాడకం లేదు. అదే కారులో ఒక్కరు కూర్చుని రోజూ ఆఫీసుకు వెళ్తూ పర్యావరణం గురించి మాట్లాడితే మాత్రం వినేవాళ్లకు నవ్వొస్తుంది. హైబ్రిడ్ సాంకేతికత మన దేశంలో చిన్న కార్లకు కాకుండా పెద్ద ఎస్‌యూవీలకు వచ్చి చేరింది. పొదుపు చేసిన పెట్రోలులో కొంత ఆ అదనపు ఇనుమును మోయడానికే పోతోంది. యంత్రం పొదుపు పెరిగితే వాడకం తగ్గకపోగా పెరుగుతుందని 1865లోనే ఇంగ్లిషు ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవాన్స్ బొగ్గు విషయంలో గమనించాడు. మైలేజీ బాగుందని ఆదివారం మరో వంద కిలోమీటర్లు తిరిగొచ్చే కుటుంబాలు ఆయన మాటకు నడిచే రుజువులు.

పన్నుల విధానం కూడా బరువును గానీ పొగను గానీ సూటిగా చూడటం లేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు హైబ్రిడ్ల మీద సెస్సుతో కలిపి 43 శాతం పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన మార్పుల ప్రకారం నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోలు కార్లకు, అవి హైబ్రిడ్లయినా కాకపోయినా, 18 శాతం. అది దాటితే 40 శాతం. విద్యుత్ కార్లకు 5 శాతం. 2025 చివరి నాటికి ఇక్కడ అమ్ముడయ్యే స్ట్రాంగ్ హైబ్రిడ్లన్నీ నాలుగు మీటర్లు దాటినవే కాబట్టి అన్నింటికీ 40 శాతమే. రెండు టన్నుల పైచిలుకు బరువున్న విలాసవంతమైన విద్యుత్ కారుకు 5 శాతం, 800 కిలోల చిన్న పెట్రోలు కారుకు 18 శాతం. పన్నులవాళ్లు టేపు పట్టుకుని పొడవు కొలుస్తారు, సైలెన్సర్ దగ్గర ముక్కు పెట్టరు. రాష్ట్రాలది మరో దారి. ఉత్తరప్రదేశ్ 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను ఎత్తేసింది. తెలంగాణ అదే ఏడాది నవంబరులో విద్యుత్ వాహనాలకు 2026 చివరి దాకా రోడ్డు పన్ను పూర్తిగా మాఫీ చేసింది. ఒకే కారు ధర రాష్ట్రం సరిహద్దు దాటగానే లక్షల్లో మారడానికి కారణం ఇదే.

జేబు లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. ఒకే మోడల్‌లో మామూలు ఆటోమేటిక్‌కూ హైబ్రిడ్‌కూ తేడా రెండున్నర లక్షలనుకుందాం. పెట్రోలు లీటరు 107 రూపాయలని లెక్కిద్దాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు నగరంలోనే తిరిగే కారు 12కు బదులు 20 మైలేజీ ఇస్తే నెలకు 33 లీటర్లు, అంటే సుమారు 3,500 రూపాయలు మిగులుతాయి. పెట్టిన తేడా తిరిగి రావడానికి ఆరేళ్లు. నెలకు 500 కిలోమీటర్లే తిరిగితే పన్నెండేళ్లు, అప్పటికి బ్యాటరీకి కంపెనీలు మామూలుగా ఇచ్చే ఎనిమిదేళ్ల వారంటీ కూడా అయిపోతుంది. వారానికోసారి బయటికి తీసే కారుకు హైబ్రిడ్ అనవసరం. క్యాబ్ డ్రైవరుకు మాత్రం మూడేళ్లు కూడా పట్టదు.

పెద్ద రోడ్డు మీద ఈ లెక్క కూడా నిలవదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023 నుంచి లోపలి లేన్లలో గంటకు 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. గాలి ఎదురుతోపు వేగం వర్గంతో పెరుగుతుంది. 90 నుంచి 120కి వెళ్తే ఆ తోపు దాదాపు 80 శాతం ఎక్కువ. బ్రేకు వేసే పని ఉండదు కాబట్టి ఏరుకోవడానికి శక్తి దొరకదు. మోటారు ఖాళీగా కూర్చుంటుంది, ఇంజిన్ ఒక్కటే చెమటోడుస్తుంది. అధికారిక మైలేజీ పరీక్షలో గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లే కాబట్టి ఈ బలహీనత బ్రోచరులో కనిపించదు. రోజూ విజయవాడ, గుంటూరు మధ్య హైవే మీద తిరిగే మనిషి హైబ్రిడ్ కొని బ్రోచరు అంకె రాలేదని వాపోతే తప్పు కారుది కాదు.

కారు మార్చకుండా కాలు మార్చుకుంటే ఎంత కలిసొస్తుందన్నది ఇందులోంచే తెలుస్తుంది. ముందు సిగ్నల్ ఎర్రగా కనిపిస్తున్నా యాక్సిలరేటర్ తొక్కుతూ వెళ్లి చివర్లో బ్రేకు గట్టిగా నొక్కేవాళ్లే మన రోడ్ల మీద ఎక్కువ. ముందే కాలు తీసేస్తే పెట్రోలు కారులోనూ చెంచాలు మిగులుతాయి. హైబ్రిడ్‌లో ఇది ఇంకా ముఖ్యం. 40 కిలోమీటర్ల వేగం నుంచి రెండున్నర సెకన్లలో ఆపితే ఆ కాసేపట్లో పుట్టే శక్తి 40 కిలోవాట్ల చొప్పున వస్తుంది. ఆ చిన్న బ్యాటరీ అంత జోరుగా మింగలేదు, మిగిలింది డిస్కులే కాజేస్తాయి. ఆరు సెకన్లు తీసుకుని మెల్లగా ఆపితే అది 16 కిలోవాట్లే, చాలావరకు బ్యాటరీలో పడుతుంది. ఒకే మోడల్ హైబ్రిడ్ ఒకరికి 16, ఇంకొకరికి 23 మైలేజీ ఇవ్వడంలో ఈ తేడాకు పెద్ద వాటా ఉంటుంది.

ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ ఆపేసి గానీ, న్యూట్రల్‌లో గానీ వదిలితే పెట్రోలు మిగులుతుందన్న పాత నమ్మకం ఇంకా పోలేదు. కార్బ్యురేటర్ల కాలంలో అందులో కాస్త నిజం ఉండేదేమో. ఇప్పటి ఇంజిన్లు గేరులో దిగుతున్నప్పుడు, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోతే పెట్రోలును పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్ వేస్తేనే ఇంజిన్ ఆరిపోకుండా ఉండటానికి పెట్రోలు పోయాల్సి వస్తుంది. అంటే న్యూట్రల్ వల్ల ఖర్చు ఎక్కువ, అదుపు తక్కువ. ఇంజిన్ ఆపేస్తే బ్రేకుకు దన్నుగా ఉండే వ్యాక్యూమ్ కూడా కాసేపటికి అయిపోతుంది, మలుపు దగ్గర పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

టైర్లలో గాలి తగ్గకుండా చూసుకోవడం, రూఫ్ మీద ఖాళీ క్యారియర్ తీసేయడం అందరికీ తెలిసినవే, చేసేవాళ్లే తక్కువ. మే నెలలో ఎండలో గంటసేపు కాగిన కారును ముందు అద్దాలు దించి రెండు నిమిషాలు నడిపి ఆ తర్వాత ఏసీ వేసుకుంటే ఇంజిన్ మీద భారం చాలా తగ్గుతుంది. నిలబడ్డ హైబ్రిడ్‌లో ఏసీ బ్యాటరీ మీదే నడుస్తుంది. బెజవాడ ఎండలో ఆ చిన్న బ్యాటరీ కొద్ది నిమిషాలకే ఖాళీ అయి ఇంజిన్ మళ్లీ లేస్తుంది. పిల్లల కోసం స్కూలు బయట అరగంట ఏసీతో నిలబెట్టేవాళ్లు హైబ్రిడ్ కొన్నా పొగ ఆగదు.

ఇంత లెక్క వేశాక బస్సు లెక్క వేయకపోతే అన్యాయం. లీటరు డీజిల్‌కు ఐదు కిలోమీటర్లే ఇచ్చే ఆర్టీసీ బస్సు కిలోమీటరుకు 540 గ్రాములు వదులుతుంది. అందులో నలభైమంది ఉంటే తలకు 14 గ్రాములు కూడా పడవు. పైన చెప్పుకున్న హైబ్రిడ్‌లో ఒంటరిగా వెళ్లే మనిషికి 115. అదే హైబ్రిడ్‌లో నలుగురు ఎక్కితే 29, సగం నిండిన బస్సుకు దగ్గరగా వస్తుంది.

కొనడమే అనుకున్నవాళ్లకు షోరూముకు వెళ్లేముందు చేయదగ్గ పరీక్ష ఒకటుంది. ఇప్పుడున్న కారులో ట్రిప్ మీటరును సున్నా చేసి వారం పది రోజులు మామూలుగా నడిపి, సగటు వేగం ఎంతో చూడాలి. చాలా కార్ల డిస్‌ప్లేలో ఆ అంకె ఉంటుంది, చూసేవాళ్లే లేరు. అది గంటకు 20, 25 కిలోమీటర్ల దగ్గర తేలితే రోజూ పెట్రోలు చెంచాలు చెంచాలుగా బ్రేకు కింద పోతున్నట్టు లెక్క, హైబ్రిడ్ దాన్ని ఏరిపెడుతుంది. ఇంట్లోనో ఆఫీసులోనో పగటిపూట ప్లగ్గు పాయింటు దొరికితే విద్యుత్ కారు అంతకన్నా బాగా ఏరిపెడుతుంది. సగటు 60 దాటితే బండి ఎక్కువగా హైవే మీదే ఉన్నట్టు. అక్కడ తేలికైన చిన్న కారు, 90 దాటని వేగం చేసే పొదుపును హైబ్రిడ్ చేయలేదు.